వెనక బరువు

క్షమించడం గొప్ప గుణం అంటారు. నాకు ఆ గుణం లేదు, ఉన్నట్టు నటించే ఓపికా లేదు. కువైట్ నగరం పక్కన జాబ్రియాలో ఆరేళ్ళు ఒకే ఇంట్లో కారు నడిపాను. ఆ ఇంట్లో ఒక మనిషి మీద ఒక చలికాలమంతా పగబట్టాను. అన్నం తింటూ పగబట్టాను, పళ్ళు తోముకుంటూ పగబట్టాను, ఎడారిలో ఒంటెలు వరసగా పోతుంటే వాటిని లెక్కపెడుతూ కూడా పగబట్టాను. ఆ మనిషి మా యజమానికి బావమరిది.

ఇంటి వీసా మీద కువైట్ వెళ్ళినవాళ్ళకు యజమాని బాబా, యజమానురాలు మామా. మామాకు ఒక్కడే తమ్ముడు, ముప్ఫయ్యేళ్ళవాడు, పనీపాటా తెలియనివాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అని మనవాళ్ళు అంటారు. ఈయనగారు బావ బతుకు సంగతి ఎలా ఉన్నా బావ కారు, బావ డేరా, బావ డ్రైవరు తనవే అనుకునేవాడు. నేను మాత్రం మనసులో వాణ్ణి బావమరిది అనే పిలిచేవాణ్ణి. ఇప్పుడూ అలాగే పిలుస్తాను.

బాబా వేరే రకం. నేను పనిలో చేరిన మొదటి వారం కారు గోడకు గీరుకుంది. నేనే వెళ్ళి చెప్పాను. ఆయన కారు వంక చూడలేదు, నా వంక చూసి నవ్వాడు. ఆ తర్వాత ఏనాడూ బండిలో పెట్రోలు ఎంతుంది, ఎక్కడికి వెళ్ళావు, ఎందుకు ఆలస్యమైంది అని అడగలేదు. శుక్రవారం మిర్కాబ్ బజారులో మా కడప వాళ్ళు కలిస్తే ఒక్కొక్కరు తమ కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చిన యజమానిని, తిట్టేవాళ్ళు. నేను తిట్టేవాణ్ణి కాదు. నా మాట నమ్మే మనిషి ఇంట్లో పని చేస్తున్నానని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

చలికాలం వస్తే అక్కడి కుటుంబాలు ఊరు వదిలి ఎడారిలో డేరాలు వేసుకుంటాయి. నాలుగు నెలలపాటు సెలవురోజు వచ్చిందంటే అందరూ అక్కడే. మా ఇంటి డేరా సాల్మీ రోడ్డు మీద, ఊరికి గంటన్నర దూరం. నవంబరులో డేరా గుడ్డ, ఇనుప గడలు, చాపలు, గ్యాసుబండ, నీళ్ళ డ్రమ్ములు, జనరేటరు, అన్నీ ట్రైలరుకెక్కించి తీసుకెళ్ళడం నా పని. ఆ పని నాకు బాగా తెలుసు. కువైట్ రాకముందు మా వైపు గనుల నుంచి ట్రాక్టరు మీద బండలు తోలాను. రెండు చక్రాల ట్రైలరుకు బరువు ఇరుసు మీదా, దానికి కాస్త ముందూ ఉండాలి. వెనక బరువైతే ముందున్న బండి తోక పైకి లేస్తుంది. లేచిన బండికి నేల మీద పట్టు ఉండదు. ఎద్దులబండి తోలినవాడెవడైనా ఈ మాట చెబుతాడు, వెనక బరువైతే కాడి పైకి లేచి తాడు ఎద్దు గొంతు బిగిస్తుంది.

నాలుగేళ్ళు బాబా పాత జీపుతో ట్రైలరు లాగాను. ఒక్క గ్లాసు పగలలేదు. ఆ ఏడు ఎండాకాలంలో జీపు అమ్మేశారు. దాని బదులు మామా పిల్లల్ని బడికి తీసుకెళ్ళడానికి ఏడు సీట్ల కారు కొన్నది. పైకి చూస్తే జీపులా ఉంటుంది, కింద చూస్తే మామూలు కారు. సీట్లు మెత్తన, స్ప్రింగులు అంతకంటే మెత్తన. బావమరిది దాన్ని గ్యారేజీకి తీసుకెళ్ళి వెనక బంపరు కింద ట్రైలరు తగిలించే ఇనుప గుండు పెట్టించాడు. నాలుగు చక్రాలూ తిరిగే బండి, కొండను కట్టినా లాగుతుందన్నాడు. లాగడం ఒక ఎత్తు, ఆపడం ఒక ఎత్తు అని నేను బాబాతో అన్నాను. ఆయన సరే, మెల్లగా పో అన్నాడు.

బయల్దేరే రోజు బాబా ఆఫీసులో ఉన్నాడు. నేను జనరేటరును ఎప్పటిలా ముందుకు పెట్టి కట్టాను. బావమరిది వచ్చి చూసి దాన్ని విప్పించాడు. వాడి లెక్క వాడిది. రాత్రుళ్ళు దివానియాలో వాడితో కూర్చుని కబుర్లాడే స్నేహితులు ఆ సాయంత్రం డేరాకు అతిథులుగా వస్తున్నారు. అక్కడి మర్యాద ప్రకారం అతిథి వచ్చేసరికి దీపం వెలగాలి, కాఫీ కాగాలి. డేరా లేవకపోయినా ఫర్వాలేదు, కాఫీ లేకపోతే పరువు పోతుంది. కాబట్టి మొదట దిగాల్సినవి జనరేటరూ కాఫీ సామానూ. మొదట దిగాల్సినవి చివర ఎక్కాలి. చివర అంటే ట్రైలరు తోకన. ఇల్లు మారేటప్పుడు లారీకి ఆ లెక్క సరిపోతుంది. ట్రైలరుకు సరిపోదు.

అరబ్బీలో నాకు వచ్చినంత చెప్పాను. చేత్తో చూపించాను. వంటింటి తలుపు దగ్గర మా వంటామె నిలబడి చూస్తోంది. ఆమెది గోదావరి జిల్లా, నాకంటే పదేళ్ళు పెద్దది, ఆ ఇంట్లో నాకంటే ముందునుంచీ ఉంది. బావమరిది నా మాట పూర్తి కానివ్వలేదు. జనరేటరు మీద కాలు పెట్టి వెనక్కి తోశాడు.

"డ్రైవరువా, ఇంజనీరువా? వెనక పెట్టు. యల్లా."

పెట్టాను.

జహ్రా దాటేదాకా అరవై మీద పోయాను. స్టీరింగు చేతిలో తేలిపోతోంది, ముందు చక్రాలు కాకుండా వెనకది మమ్మల్ని నడిపిస్తున్నట్టుంది. పక్కన కూర్చున్న బావమరిది గడియారం చూస్తూ యల్లా యల్లా, తొందరగా పోనీ అంటూనే ఉన్నాడు. అతిథులు ముందే చేరిపోతే ఎవరిది బాధ్యత అన్నాడు. నా తప్పు ఒక్కటే, నా కాలు వాడి మాట విన్నది. తొంభై దగ్గర ట్రైలరు ఒకసారి ఎడమకు వాలింది, ఒకసారి కుడికి. మూడోసారికి మా కారు కూడా దానితోపాటు ఊగింది. బ్రేకు ముట్టకుండా యాక్సిలరేటరు వదిలేసి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. సరిపోలేదు. ట్రైలరు గుండు నుంచి ఊడి బోర్లాపడింది, కారు గిర్రున తిరిగి వచ్చిన దారికేసి నిలబడింది. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు. జనరేటరు రెండు ముక్కలైంది. కాఫీ గిన్నెలు రోడ్డు మీద దొర్లుకుంటూ పోయాయి.

సాయంత్రం బాబా ముందు ఇద్దరమూ నిలబడ్డాం. వాడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. జనరేటరు ముందు పెట్టమని తాను చెప్పాడట, మళ్ళీ విప్పి కట్టడానికి బద్ధకించి నేను వెనకే వదిలేశానట, మెల్లగా పొమ్మంటే వినలేదట. నా నోట్లోని మాటలే తీసి వాడి నోట్లో పెట్టుకున్నాడు. నేను జరిగింది చెప్పాను. రెండుసార్లు చెప్పాను. బాబా నా కళ్ళలోకి చూడలేదు, చేతిలో తస్బీ జపమాల పూసలు ఒకటొకటిగా జరుపుతూ విన్నాడు. చివరికి, ఈ చలికాలం నువ్వు డేరా దగ్గర కాపలా ఉండు, కారు వేరేవాడు నడుపుతాడు అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, డిసెంబరులో నాకు సెలవు. మూడేళ్ళలో నిండు సెలవు అదే మొదటిది, ఏప్రిల్‌లో ఇంటికి వెళ్ళింది పది రోజులకే. మా ఆవిడకు జనవరిలో రెండో కాన్పు. కాపలావాడికి చలికాలంలో సెలవేమిటి? ఆ మాట బాబా అనలేదు, నేనే అర్థం చేసుకున్నాను. సెలవు పోయినందుకు ఏడ్చాను, నిజమే. కానీ అంతకంటే లోతుగా దిగింది ఇంకొకటి. ఆయన నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్నాడు. కారు గీరుకున్నప్పుడు నా వంక చూసి నవ్విన మనిషి ఇక నన్ను అలా చూడడు. నా మాట నాకు తిరిగి కావాలి. దానికోసం ఏం చేయడానికైనా సిద్ధపడ్డాను.

డేరాకు వెళ్ళేముందు వంటింట్లోకి వెళ్ళాను.

"అక్కా, నువ్వు చూసినావు గదా. బాబాకు ఒక్క మాట చెప్తే నీదేం పోతాది?"

ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తలేదు.

"ఎళ్ళు తమ్ముడూ. నిజం నిలకడ మీద తెలుస్తుందిలే."

భయపడింది అనుకున్నాను. మామాకు కోపం వస్తుందని, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితానికి ముప్పు వస్తుందని నా గొంతు కోసింది అనుకున్నాను. ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడలేదు. వారానికోసారి డేరాకు నాకోసం ప్రత్యేకంగా పచ్చడి పంపేది. తినేవాణ్ణి గానీ సీసా కడగకుండా తిప్పి పంపేవాణ్ణి.

ఎడారిలో చలి పగవాడికి కూడా వద్దు. వారమంతా నేను, రెండు డేరాలు, ఒక నీళ్ళ డ్రమ్ము. రొట్టెలో ఇసుక, టీలో ఇసుక, చెవుల్లో ఇసుక. ఫోను అందాలంటే మట్టిదిబ్బ ఎక్కాలి. ఆ దిబ్బ మీద నిలబడే ఆడపిల్ల పుట్టిందని విన్నాను. ఫోను పిల్ల నోటి దగ్గర పెట్టారు. ఏడుపు వినిపించింది, గాలి వీస్తే అదీ తెగిపోయింది. సెలవురోజు అందరూ వచ్చేవాళ్ళు. బావమరిది స్నేహితులతో కూర్చుని, ఇడుగో మా ఇంజనీరు అని నన్ను చూపించి కథ చెప్పేవాడు. ప్రతిసారీ కథలో నేను కొంచెం ఎక్కువ మూర్ఖుణ్ణి అయ్యేవాణ్ణి. వాళ్ళ కాఫీ కప్పులు నేనే నింపేవాణ్ణి.

పగ అంటే మంట అంటారు. నాకు అది తిండి. వాడు ఎలా కింద పడతాడో రోజుకొక రకంగా ఊహించుకునేవాణ్ణి. మొదట్లో అందరి ముందూ చెంప మీద కొట్టడం. తర్వాత కాఫీలో ఏదైనా కలపడం. ఫిబ్రవరికల్లా అవన్నీ చిన్నపిల్లల ఆటలనిపించాయి. వాణ్ణి దించడానికి నాకు తెలిసిన విద్య ఒకటే ఉంది, బరువు ఎక్కించడం.

మార్చిలో డేరాలు ఎత్తేసే రోజు వచ్చింది. బాబా రాలేదు. బావమరిది అదే ఏడు సీట్ల కారుకు ట్రైలరు తగిలించుకుని తానే నడుపుకుంటూ వచ్చాడు. నవంబరులో ఆ డ్రైవరు గాడివల్ల కాని పని తాను చేసి చూపిస్తానని స్నేహితులతో పందెం లాంటిది వేసుకున్నాడట. ఇద్దరు స్నేహితులు చూడ్డానికి వెనక ఇంకో చిన్న కారులో వచ్చారు. వచ్చేటప్పుడు ఖాళీ ట్రైలరు కాబట్టి వాడికి బాగానే ఉంది.

జనరేటరు ఈసారి జహ్రాలో ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చింది. దారిలో వాళ్ళింటి దగ్గర దించాలి. మొదట దిగాల్సింది అదే. బావమరిది ట్రైలరు తోక వంక వేలు చూపించాడు. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. హాజిర్ అన్నాను. అంటే చిత్తం అని.

అక్కడితో ఆగితే వాడి తప్పు వాడిదే అయ్యేది. నేను ఆగలేదు. ముందు పెట్టాల్సిన ఇనుప గడలను కూడా వెనక్కి జరిపాను. పారబోయాల్సిన నీళ్ళ డ్రమ్మును నింపి జనరేటరు పక్కన నిలబెట్టాను. ముందు భాగంలో చాపలూ దిండ్లూ పేర్చాను. పైకి చూస్తే ఎంత చక్కగా సర్దాడో అనిపిస్తుంది. తాళ్ళు బిగించాను. ఇన్నేళ్ళకు చెబుతున్నాను, తెలిసే చేశాను. కారులో వాడొక్కడే ఉంటాడని చూసుకున్నాను. వాడు చచ్చిపోవచ్చని నాకు తెలుసు. పోతే పోనీ అనుకున్నాను.

నేను స్నేహితుల కారులో వెనక సీట్లో కూర్చున్నాను. గాలి లేచి రోడ్డు మీద సన్నగా దుమ్ము పాకుతోంది. ముందు వాడి కారు తోక ఎత్తుకుని పోతోంది. స్పీడు పెరిగేకొద్దీ నా ఒంట్లో వేడి పెరిగింది. మొదటి ఊపు నాకే కనిపించింది, వాళ్ళిద్దరూ పాటలు వింటున్నారు. రెండో ఊపుకు నవ్వాను. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అనుకున్నాను. అప్పుడే ఎడమ పక్క నుంచి గొర్రెల లారీ ఒకటి వాణ్ణి దాటబోయింది. ట్రైలరు దాని చక్రాల మీదికి వాలింది. లారీలో డ్రైవరు ఉంటాడని, అతను కూడా నాలాంటివాడే ఎవడో అయి ఉంటాడని నేను లెక్కవేసుకోలేదు. బ్రేకు తొక్కొద్దు, కాలు తియ్యి అని తెలుగులో అరిచాను. ముందు కారులో ఉన్నవాడికి ఏం వినిపిస్తుంది?

లారీ హారను కొడుతూ దాటిపోయింది, మూరెడు సందులో. బావమరిది కారు రోడ్డు దిగి ఇసుకలో ఆగింది. ట్రైలరు ఒక చక్రం మీద లేచి మళ్ళీ కూలబడింది.

మేం వెళ్ళేసరికి వాడు తలుపు తీసి నేల మీద కూర్చున్నాడు. తెల్ల దిష్‌దాషా అంగీ నిండా మట్టి. తల మోకాళ్ళకు ఆనించుకున్నాడు. స్నేహితులు మొదట భయపడ్డారు, తర్వాత ఒకడు ఫోను తీసి వీడియో తీయడం మొదలుపెట్టాడు. ట్రైలరు తోలడం తమవల్ల కాదన్నారు ఇద్దరూ. దుమ్ము దట్టమవుతోంది. పోలీసులు వస్తే ఆ కారుకు ఆ గుండు ఎవరు పెట్టించారని అడుగుతారు. వాడు తల ఎత్తి నా వంక చూశాడు. నాలుగు నెలల్లో మొదటిసారి నన్ను ఇంజనీరు అనకుండా అన్నా అని పిలిచాడు, కువైట్‌లో మద్రాసీలను పిలిచే మాట వాడికి అప్పుడు గుర్తొచ్చింది.

నడుపుతాను, కానీ రెండు పనులు కావాలి అన్నాను. మొదటిది, జనరేటరూ గడలూ నీ చేతుల్తో ముందుకు మార్చు. మార్చాడు. డ్రమ్ములో నీళ్ళు వాడిచేతే పారబోయించాను. జీవితంలో బిందె ఎత్తని చేతులు, రెండు గడలకే తోలు లేచింది. నేను ట్రైలరు మీద చేతులు కట్టుకుని నిలబడి, అటు కాదు ఇటు, ఇంకాస్త ముందుకు అని చెప్పాను. ఆ అరగంట నా జీవితంలో నేను తిన్న అతి తియ్యటి అరగంట. దాచుకునే పని లేదు, ఇప్పుడు తలచుకున్నా తియ్యగానే ఉంటుంది.

రెండోది, బాబాకు ఫోను చేసి నవంబరులో జనరేటరు వెనక ఎవరు పెట్టించారో చెప్పు, స్పీకరు పెట్టి చెప్పు అన్నాను. వాడు చాలాసేపు ఫోను చేతిలో తిప్పాడు. చివరికి చేశాడు. పొడిపొడిగా చెప్పాడు, తప్పు నాదే, డ్రైవరు వద్దన్నాడు, నేనే వెనక పెట్టించాను, నీ దగ్గర అబద్ధం చెప్పాను అని. నేను ఫోను వంక చూస్తున్నాను. నా మాట నాకు తిరిగొచ్చే క్షణం అదే. బాబా ఆశ్చర్యపోతాడు, తిడతాడు, డ్రైవరును పిలువు అంటాడు. ఆ మూడూ నేను నాలుగు నెలలుగా విని పెట్టుకున్నాను.

బాబా చిన్నగా నిట్టూర్చాడు.

"నాకు ఆ రోజే తెలుసు. వంటమనిషి వచ్చి చెప్పింది. నీ అక్క ముందు నీ పరువు పోకూడదని వాణ్ణి డేరాకు పంపాను. ఇప్పుడెందుకు తవ్వుతావు? ఖలాస్. వాడికి మాత్రం చెప్పకు, వాడు నన్ను నమ్ముతాడు."

ఫోను పెట్టేశాడు. తన మాట స్పీకరులో నాకూ వినిపిస్తోందని ఆయనకు తెలియదు. బావమరిది నా ముఖం చూడలేక ఇసుక వంక చూశాడు. వెక్కిరిస్తే బాగుండేది, వెక్కిరించలేదు. నేను వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను. అరవై దాటకుండా, కుడి పక్కనే, జహ్రాలో జనరేటరు దించి, జాబ్రియా దాకా నడిపాను. ట్రైలరు ఒక్కసారి కూడా ఊగలేదు. దారంతా ఒక్క లెక్కే వేసుకున్నాను. వాడు భయంతో అబద్ధం చెప్పాడు. ఈయన ఏ భయమూ లేకుండా, తెలిసి తెలిసి, నా బిడ్డ పుట్టిన నెలలో నన్ను ఇసుకలో కూర్చోబెట్టాడు. నేను నాలుగు నెలలు ఎవరి మీద పళ్ళు నూరాను?

సామాను దించి వంటింట్లోకి వెళ్ళాను. వంటామె నన్ను చూసి టీ పెట్టింది.

"అక్కా, బాబాకు నువ్వు ఆ పొద్దే చెప్పినావంట."

"చెప్పేను."

"మరి నాకెందుకు చెప్పల్యా? నాలుగు నెల్లు నిన్ను తిట్టుకుంటా ఉండానే."

ఆమె గ్లాసు నా ముందు పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"తెలిసే పంపేడని చెప్తే, నీకీ ఇంట్లో నమ్ముకోడానికి ఎవరు మిగుల్తారు తమ్ముడూ? నన్ను తిట్టుకుంటే తిట్టుకున్నావులే అనుకున్నాను."

ఆ టీ తాగలేకపోయాను. ఆమె పచ్చడి సీసాలు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున బాబా ఆఫీసుకు బయల్దేరుతుంటే కారు తలుపు తీసి పట్టుకుని రిలీజు కావాలని అడిగాను, వేరే కఫీల్ దగ్గరికి మారతానన్నాను. ఆయన ఎక్కబోయి ఆగాడు. చలికాలం అయిపోయింది కదా, నువ్వే మళ్ళీ నా డ్రైవరువి, ఇంకా ఎవరి మీద కోపం అని అడిగాడు.

"మీ మీదే బాబా," అన్నాను.